ఐసోఫ్లూరేన్ సెటప్: చాంబర్‌లో బాగా పడుకున్న ఎలుక ఫ్రేమ్ మీదకు రాగానే కదులుతోంది, ఎక్కడ వెతకాలి?

హిప్పోక్యాంపస్
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. విస్టార్ జాతి ఎలుకల హిప్పోక్యాంపస్‌లో (మెదడులో జ్ఞాపకాలకు సంబంధించిన భాగం) కాన్యులా అనే సన్నటి గొట్టం అమర్చడం మా పని. ఎలుకలు 250 నుంచి 300 గ్రాములు, ఒక్కో సర్జరీకి గంటన్నర దాకా పడుతుంది. ఇంతకాలం కీటమిన్, జైలజీన్ అనే మత్తుమందులు కలిపి పొట్టలోకి ఇంజక్షన్ ఇచ్చేవాళ్లం. ఈ ఏడాది ఐసోఫ్లూరేన్ అనే మత్తు గ్యాస్‌కు మారాం. ఐఏఈసీకి (సంస్థలో జంతు ప్రయోగాల నైతిక కమిటీ) సవరణ పెట్టి అనుమతి కూడా తీసుకున్నాం.

మా దగ్గర ఉన్నవి: ఆసుపత్రి పరికరాల డీలర్ దగ్గర కొన్న సెకండ్ హ్యాండ్ టెక్ రకం వేపరైజర్ (ద్రవ మందును ఆవిరి చేసి ఆక్సిజన్‌లో కలిపే పరికరం), బీ టైప్ ఆక్సిజన్ సిలిండర్, ఫ్లోమీటర్, 4 లీటర్ల అక్రిలిక్ చాంబర్. నోస్ కోన్ (ముక్కుకు గ్యాస్ అందించే తొడుగు) మేమే తయారు చేశాం. 20 మి.లీ. సిరంజి గొట్టం కోసి, ముందుపళ్ల బార్ పట్టేలా కింద గాడి పెట్టాం. వేపరైజర్ నుంచి వచ్చే పైపు వై కనెక్టర్ దగ్గర చీలి ఒకటి చాంబర్‌కు, ఇంకొకటి కోన్‌కు వెళ్తుంది.

సమస్య ఇదీ. చాంబర్‌లో 4 శాతం దగ్గర ఎలుక చక్కగా పడుకుంటోంది. స్టీరియోటాక్సిక్ ఫ్రేమ్ (తల కదలకుండా బిగించే చట్రం) మీదకు తెచ్చి 2 శాతానికి దించితే, డ్రిల్ మొదలుపెట్టేసరికి మీసాలు ఆడిస్తోంది, కాలు లాగుతోంది. 3.5కు పెంచితే కాసేపటికి ఊపిరి బాగా నెమ్మదిస్తోంది. మధ్యలో నిలబడే స్థానమే దొరకడం లేదు. పైగా గదిలో తియ్యటి ఘాటు వాసన, మధ్యాహ్నానికి ఇద్దరికి తలనొప్పి. పెద్దలు దారి చూపండి.

బయోమెడ్_విజయవాడ
నేను ఆసుపత్రుల్లో అనస్థీషియా మెషీన్లు సర్వీస్ చేస్తాను. ఎలుకల సంగతి నాకు తెలియదు, వేపరైజర్ సంగతి తెలుసు. మూడు ప్రశ్నలకు జవాబు చెప్పండి మేడం.

దాని మీద రంగు ఏది? ఊదా అయితే ఐసోఫ్లూరేన్, ఎరుపు అయితే హాలోథేన్, పసుపు అయితే సెవోఫ్లూరేన్. సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో పాత హాలోథేన్ వేపరైజర్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఐసోఫ్లూరేన్, హాలోథేన్ ఆవిరి పీడనం దగ్గరదగ్గరగా ఉంటుంది కాబట్టి "ఏం కాదు, పోసుకోండి" అని అమ్మేవాళ్లు ఉంటారు. హాలోథేన్‌లో థైమాల్ అనే నిల్వ పదార్థం కలుపుతారు. అది లోపల జిగురులా పేరుకుని డయల్‌ను పట్టేస్తుంది. అలాంటిదాన్ని విప్పి శుభ్రం చేసి, కొత్తగా క్యాలిబ్రేట్ చేయకుండా వాడకూడదు.

క్యాలిబ్రేషన్ చివరిసారి ఎప్పుడు చేశారు? స్టిక్కర్ ఉందా?

ఫ్లో ఎంత పెడుతున్నారు?

హిప్పోక్యాంపస్
ఊదా రంగే. స్టిక్కర్ లేదు. చాంబర్‌లో ఉన్నప్పుడు నిమిషానికి 1 లీటరు, ఫ్రేమ్ మీద 300 మి.లీ. సిలిండర్ ఎక్కువ రోజులు రావాలని తగ్గించాం.

పోస్ట్‌డాక్_హ్యూస్టన్
300 మి.లీ. అన్నారు కదా, ఆ 300 ఎక్కడికి పోతోందో ముందు చూడండి. వై దగ్గర చాంబర్ వైపు పైపు మూసే ఏర్పాటు ఏమిటి? క్లిప్పా, స్టాప్‌కాకా?

ఎందుకు అడుగుతున్నానంటే, మీ ఎలుక నిమిషానికి సుమారు 200 మి.లీ. గాలి పీలుస్తుంది. ఇక్కడ రీబ్రీతింగ్ లేని (వదిలిన గాలిని మళ్లీ పీల్చని) సర్క్యూట్‌కు మేం దానికి రెండు మూడు రెట్లు ఫ్లో పెడతాం. చాంబర్ వైపు సగం కారిపోయినా కోన్‌లోకి వచ్చేది 150 మి.లీ. మిగతాది ఎలుక మీరు కోసిన గాడి నుంచి గది గాలిని పీల్చుకుంటుంది. డయల్ 2 అని చూపిస్తున్నా ముక్కు దగ్గరకు వచ్చేది 1కి అటూ ఇటూ. ఎలుకకు ఐసోఫ్లూరేన్ మ్యాక్ విలువ 1.4 శాతం దగ్గర. అంటే ఆ గాఢత దగ్గర సగం జంతువులు నొప్పికి కదులుతాయి. మీది కదలడంలో వింతేమీ లేదు.

3.5కు పెంచినప్పుడు ముక్కు దగ్గర ఎంత ఉంటుందో అదీ స్థిరంగా ఉండదు. తల కాస్త జరిగినా, మీరు డ్రేప్ కప్పినా, గాడి మూసుకుని ఒక్కసారిగా అసలు 3.5 అందుతుంది. ఊపిరి పడిపోయేది అప్పుడే. మధ్య స్థానం దొరకడం లేదన్నారు కదా, నా అంచనా ప్రకారం కారణం ఇదే.

వెట్_డాక్టర్
నేను యానిమల్ హౌస్‌లో పశువైద్యుడిని. పైన చెప్పింది నిజమే కానీ అమ్మా, పైపుల కంటే ముందు జంతువును చూడాలి. ముక్కు క్లాంపు ఎంత బిగిస్తున్నారు? ఎలుకలు ముక్కుతోనే ఊపిరి తీసుకుంటాయి, నోటితో తీసుకోవడం వాటికి దాదాపు చేతకాదు. క్లాంపు ముక్కు ఎముక మీద కూర్చోవాలి. మెత్తటి భాగాన్ని నొక్కితే శ్వాస సన్నబడుతుంది, లోపలికి వెళ్లే మందూ తగ్గుతుంది. మెడ కిందికి వంగి ఉన్నా ఇంతే. బ్రెగ్మా, లాంబ్డా (పుర్రె అతుకులు కలిసే రెండు గుర్తులు) ఒకే ఎత్తుకు రావాలని బార్ దించుతారు. విస్టార్‌కు ఇంటరారల్ గీతకు (రెండు చెవి రంధ్రాలను కలిపే గీత) 3.3 మి.మీ. కింద అని అట్లాసులో ఉంటుంది. తల అలా సర్దాక ఒళ్లు ఫ్రేమ్ కంటే కిందుగా వేలాడితే మెడ మడత పడుతుంది. ఛాతీ కింద మడిచిన తువ్వాలు పెట్టి ఒంటిని తల ఎత్తుకు తీసుకురండి.

ఇంకొకటి. చర్మం కోసే ముందు లోకల్ (ఆ చోటును మాత్రమే మొద్దుబార్చే మందు) ఇస్తున్నారా? ఐసోఫ్లూరేన్ నిద్రపుచ్చుతుంది, కదలనివ్వదు, అంతే. నొప్పి తగ్గించే గుణం దానికి లేదనే చెప్పాలి. డయల్ తిప్పేసిన కొద్ది నిమిషాల్లోనే ఎలుక లేస్తుంది, లేవగానే తలలో రంధ్రం నొప్పి మొత్తం దానికి తెలుస్తుంది. కత్తి పెట్టకముందే లిడోకెయిన్ గానీ బుపివకెయిన్ గానీ చర్మం కింద వేయండి. మెలాక్సికామ్ లాంటి నొప్పి మందు ముందే ఇవ్వండి. బుప్రెనార్ఫిన్ దొరికితే ఇంకా మంచిది. అది ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం కిందకు వస్తుంది కాబట్టి లైసెన్సు, రిజిస్టరు చూసుకోవాలి. లోకల్ సరిగా పడితే 1.5 నుంచి 2 మధ్యలోనే పని జరుగుతుంది. 3.5 దాకా వెళ్లాల్సి వస్తోందంటే సెటప్‌లో ఏదో తేడా ఉందని అర్థం.

కేఎక్స్_పాతకాపు
అందరూ గ్యాస్ గ్యాస్ అంటున్నారు గానీ, చిన్న కాలేజీల్లో ఇదంతా ఎవరి వల్ల అవుతుంది? కీటమిన్ 75 నుంచి 80, జైలజీన్ 10 మి.గ్రా. కిలోకు. ఒక ఇంజక్షన్‌తో పని అయిపోతుంది. వేపరైజర్ అక్కర్లేదు, సిలిండర్ మోయక్కర్లేదు, గదిలో వాసన ఉండదు. కరెంటు పోయినా సర్జరీ ఆగదు. నా దగ్గర చదివిన పిల్లలందరూ దానితోనే థీసిస్‌లు పూర్తి చేశారు. హంగులు లేవని పని నాసిరకం అయిపోదు.

వెట్_డాక్టర్
సార్, మీ మాటను కొట్టిపారేయను. సరిగా వాడితే అది మంచి పద్ధతే. కానీ కరెంటు విషయం సరిచేయాలి. టెక్ రకం వేపరైజర్‌కు కరెంటే అక్కర్లేదు. కరెంటు కావాల్సింది హీటింగ్ ప్యాడ్‌కు. అది మీ పద్ధతిలో మరీ ఎక్కువ అవసరం, ఎందుకంటే ఇంజక్షన్ తర్వాత జంతువు గంటలకొద్దీ చల్లబడుతూనే ఉంటుంది.

ఇంజక్షన్‌తో అసలు చిక్కు ఏమిటంటే ఇచ్చాక వెనక్కి తీసుకోలేం. సర్జరీకి సరిపడే లోతు అరగంట, మహా అయితే నలభై నిమిషాలు. ఈవిడ సర్జరీ గంటన్నర. మధ్యలో రెండో మోతాదు ఇవ్వాలి, ఎలుకలు పోయేది ఎక్కువగా అక్కడే. జైలజీన్‌కు విరుగుడుగా యోహింబిన్, అటిపామెజోల్ ఉన్నాయి, కీటమిన్‌కు ఏదీ లేదు. గ్యాస్‌లో అయితే ఊపిరి తగ్గిన క్షణమే డయల్ దించొచ్చు.

స్లైస్_రిగ్
బెంగళూరులో ఎలక్ట్రోఫిజియాలజీ చేస్తాను. ఈవిడ పని హిప్పోక్యాంపస్ మీద కాబట్టి ఇది చెప్పాలి. కీటమిన్ ఎన్‌ఎండీఏ రిసెప్టర్‌ను (జ్ఞాపకాలు ఏర్పడటంలో పాత్ర ఉన్న నాడీకణ గ్రాహకం) అడ్డుకునే మందు. జ్ఞాపకం, ఎల్‌టీపీ (నాడీకణాల మధ్య సంకేతం చాలాసేపు బలపడటం) లాంటివి కొలిచే ల్యాబ్‌లో, అదే రిసెప్టర్ మీద పనిచేసే మందుతో మత్తు ఇచ్చామంటే సర్జరీకీ ప్రయోగానికీ మధ్య ఎంత గ్యాప్ ఇచ్చారని రివ్యూయర్ తప్పకుండా అడుగుతాడు. జైలజీన్ రక్తంలో చక్కెర పెంచుతుంది. మెటబాలిజం చూసేవాళ్లకు అదొక తలనొప్పి.

అలాగని ఐసోఫ్లూరేన్ మచ్చలేనిది కాదు. మెదడు రక్తనాళాలను వ్యాకోచింపజేస్తుంది. గాఢత ఎక్కువైతే పుర్రె తెరిచినప్పుడు రక్తం ఎక్కువ కారుతుంది, మెదడు పైకి ఉబ్బుతుంది. ఈఈజీ (మెదడు విద్యుత్ సంకేతాల రికార్డు) చూస్తే బర్స్ట్ సప్రెషన్ కనిపిస్తుంది. అంటే కాసేపు చప్పుడు, కాసేపు గీత. సర్జరీ సమయంలోనే సిగ్నల్ రికార్డ్ చేసేవాళ్లకు అది పనికిరాదు. తర్వాత జంతువును లేపనక్కర్లేని ప్రయోగాల్లో మేం యూరిథేన్ వాడతాం. అది క్యాన్సర్ కారకం కాబట్టి చేతి తొడుగులు, ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి.

స్ట్రోక్ మోడల్ చేసేవాళ్లకు ఒక మాట. ఐసోఫ్లూరేన్ తనంతట తానే మెదడుకు కొంత రక్షణ ఇస్తుందని చాలా ప్రయోగాల్లో తేలింది. షామ్ జంతువులకు (సర్జరీ చేసి స్ట్రోక్ మాత్రం కలిగించని పోలిక గ్రూపు) కూడా అంతే గాఢత, అంతే సేపు ఇవ్వాలి. అసలు గ్రూపుకు గంటన్నర, షామ్‌కు పావుగంట ఇచ్చి పోలిస్తే ఆ పోలిక చెల్లదు.

కొత్త_జేఆర్‌ఎఫ్
నమస్తే. మా ల్యాబ్‌లో వేపరైజర్ లేదు. సీనియర్లు గాజు జాడీలో దూదికి ఐసోఫ్లూరేన్ వేసి, జాలీ పెట్టి, పైన చిట్టెలుకను ఉంచుతారు. తర్వాత ఫాల్కన్ ట్యూబ్‌లో తడి దూది పెట్టి ముక్కుకు ఆనిస్తారు. చిన్న సర్జరీలకు ఇది సరిపోతుందా?

బయోమెడ్_విజయవాడ
సరిపోదు తమ్ముడూ. లెక్క చెబుతాను, నువ్వే చూడు.

20 డిగ్రీల దగ్గర ఐసోఫ్లూరేన్ ఆవిరి పీడనం పాదరసం లెక్కలో 238 మి.మీ. వాతావరణ పీడనం 760. మూసిన జాడీలో ఆవిరి నిండితే గాఢత 31 శాతం దాకా పోతుంది. అది 20 డిగ్రీల ఏసీ గదిలో. ఏసీ లేని గదిలో 30 డిగ్రీలు ఉందనుకో, పీడనం 367 అవుతుంది, గాఢత 48 శాతం. మే నెలలో మా విజయవాడలో 30 అంటే చల్లగా ఉన్నట్టే. సర్జరీకి కావాల్సింది 2 శాతం. అంటే జాడీలో నిమిషం ఆలస్యమైతే జంతువు చచ్చిపోతుంది. ట్యూబ్‌లో ఎన్ని చుక్కలు పడ్డాయి, ఎంత దూరంలో పెట్టారు అన్నదాన్ని బట్టి గాఢత ఎటైనా పోతుంది.

వేపరైజర్ చేసే పని ఇదే. వచ్చే ఆక్సిజన్‌ను రెండుగా చీల్చి, కొంచెం మాత్రమే మందు గది మీదుగా పంపి, మిగతాదాన్ని పక్కదారిన తీసుకొచ్చి కలుపుతుంది. లోపల రెండు లోహాల పట్టీ ఉంటుంది. గది వేడెక్కితే అది వంగి, మందు గదిలోకి వెళ్లే వాటా తగ్గిస్తుంది. దూదికి ఆ తెలివి లేదు.

వెట్_డాక్టర్
దానికి తోడు ఆ ట్యూబ్ పట్టుకుని ముఖం దగ్గర పెట్టుకుని పనిచేసేది నువ్వే. జంతువు ఎంత పీలుస్తుందో నీకూ అంత దగ్గరగా వస్తుంది. నిమిషంలో అయిపోయే పనికి, అదీ ఐఏఈసీ ఒప్పుకుంటే, మందు ఒంటికి తగలకుండా జాలీ పెట్టి, ఫ్యూమ్ హుడ్‌లో చేసేవాళ్లున్నారు. తలకు సర్జరీ అంటే మాత్రం ఆ మాట ఎత్తకు. మీ గైడ్‌తో మాట్లాడు. పక్క డిపార్ట్‌మెంట్‌లో వేపరైజర్ ఉంటే అడిగి తెచ్చుకున్నా తప్పులేదు.

బయోమెడ్_విజయవాడ
మేడం, మీ వేపరైజర్ ఎంత ఇస్తోందో ల్యాబ్‌లోనే చూసుకునే మోటు లెక్క ఒకటుంది. 1 మి.లీ. ద్రవ ఐసోఫ్లూరేన్ ఆవిరైతే సుమారు 195 మి.లీ. వాయువు వస్తుంది. దాన్ని బట్టి గంటకు ఖర్చు = 3 × లీటర్లలో ఫ్లో × శాతం. 1 లీటరు ఫ్లో, 2 శాతం అంటే గంటకు 6 మి.లీ. గుర్తు దాకా నింపి, ఒక గంట అలా నడిపి, మళ్లీ అదే గుర్తుకు రావడానికి ఎంత పోయాల్సి వచ్చిందో సిరంజితో కొలవండి. ఎగ్జాస్ట్ తప్పకుండా బయటికి పెట్టి చేయండి. 5 నుంచి 7 మధ్య వస్తే పరవాలేదు. 10 వచ్చినా 3 వచ్చినా దాన్ని పక్కన పెట్టేయండి.

ఇది కేవలం మోటు లెక్క. అసలు పరీక్ష గ్యాస్ అనలైజర్‌తో చేయాలి. దగ్గర్లోని మెడికల్ కాలేజీలో అనస్థీషియా డిపార్ట్‌మెంట్‌ను అడగండి. వాళ్ల మానిటర్‌కు సన్నటి శాంపిల్ గొట్టం ఉంటుంది, దాన్ని మీ పైపు చివర పెడితే శాతం స్క్రీన్ మీద కనిపిస్తుంది. అది నిమిషానికి 200 మి.లీ. దాకా లాగుతుంది, అందుకే మీ ఫ్లో కనీసం అర లీటరు పెట్టి చూడాలి, లేకపోతే గది గాలి కలిసి తక్కువ చూపిస్తుంది. 1, 2, 3, 4 దగ్గర రీడింగులు రాసుకోండి. మీ 300 మి.లీ. సంగతి కూడా ఇదే. ఈ వేపరైజర్లు ఆసుపత్రిలో మనుషుల కోసం, లీటర్లలో ఫ్లో కోసం చేసినవి. 250 కిందకు దిగితే డయల్ అంకెను నేను నమ్మను.

సిలిండర్ ఆదా గురించి: బీ టైప్‌లో నిండా ఉంటే సుమారు 1500 లీటర్లు. 1 లీటరు ఫ్లో పెట్టినా 25 గంటలు. మీరు గంటన్నర సర్జరీలు చేస్తారు, లెక్క వేసుకోండి. జంతువు కదిలి కాన్యులా పక్కకు పోతే అయ్యే నష్టం దీనికంటే ఎక్కువ.

ఇంకొక్క విషయం, ఇది ప్రాణం మీదకు వచ్చేది. వేపరైజర్‌ను నింపాక ఎప్పుడూ పడుకోబెట్టకూడదు. ఆటోలో తెచ్చేటప్పుడు పక్కకు ఒరిగిందా? ఒరిగితే ద్రవం పక్కదారిలోకి వెళ్లి, డయల్ 1 మీద ఉన్నా చాలా రెట్లు ఎక్కువ వస్తుంది. అలా జరిగితే డయల్ తక్కువ మీద పెట్టి, ఎక్కువ ఫ్లోతో అరగంట ఆక్సిజన్ పంపి, అనలైజర్‌తో చూశాకే వాడాలి. తీసుకెళ్లాల్సి వస్తే ముందు మందు మొత్తం తీసేయండి.

పోస్ట్‌డాక్_హ్యూస్టన్
వాసన, తలనొప్పి గురించి ఇంకా ఎవరూ గట్టిగా అనలేదు. నాకు అదే ఎక్కువ ఆందోళనగా ఉంది. అమెరికాలో నియోష్ (పనిచోట ఆరోగ్యం, భద్రత చూసే సంస్థ) ఈ రకం మందులకు 1977లోనే 2 పీపీఎం (పది లక్షల భాగాల్లో రెండు) పరిమితి పెట్టింది, గంట వ్యవధిలో. వాసన తెలుస్తోందంటే ఆ 2 ఎప్పుడో దాటిపోయింది. మీ ల్యాబ్‌లో గర్భిణులు ఉంటే ఇది సరయ్యేదాకా ఆ గదిలోకి రాకుండా చూడండి.

కోన్ నుంచి వచ్చే గ్యాస్‌ను ఎక్కడికి పంపుతున్నారు? సర్జరీ ఎక్కడ చేస్తున్నారు, మామూలు బల్ల మీదా, లామినార్ ఫ్లో (వడకట్టిన గాలి వీచే క్యాబినెట్) లోనా?

హిప్పోక్యాంపస్
లామినార్ ఫ్లోలో. శుభ్రత కోసం అక్కడ పెట్టాం. చాంబర్ ఎగ్జాస్ట్‌కు చార్‌కోల్ డబ్బా (మందు ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా) ఉంది. కోన్‌కు ఏమీ లేదు.

పోస్ట్‌డాక్_హ్యూస్టన్
తలనొప్పికి కారణం అదే అయి ఉండాలి. లామినార్ ఫ్లోలో ఉండే హెపా ఫిల్టర్ దుమ్మును, సూక్ష్మజీవులను పడుతుంది. ఆవిరిని పట్టదు. అడ్డంగా వీచే రకమైతే గాలి వెనక నుంచి నేరుగా మీ ముఖం మీదకు వస్తుంది. ఎలుక ముక్కు దగ్గర కారిన ప్రతి మిల్లీలీటరు మీకే వస్తోంది. బయోసేఫ్టీ క్యాబినెట్ కూడా చాలా వరకు గాలిని లోపలే తిప్పి గదిలోకి వదిలే రకమే. డక్ట్ ద్వారా బయటికి పంపేది అయితేనే పనికొస్తుంది.

కోన్ రెండు పొరలుగా ఉండాలి. లోపలి గొట్టంలోంచి గ్యాస్ వస్తుంది, బయటి గొట్టంలోంచి పాతది వెళ్తుంది. కోప్ఫ్, నారిషిగే, స్టోల్టింగ్ లాంటి స్టీరియోటాక్సిక్ కంపెనీలు ఫ్రేమ్‌కు సరిపోయే మాస్కులు అమ్ముతాయి. డబ్బు పెట్టగలిగితే మొదట కొనాల్సింది అదే, కొత్త వేపరైజర్ కాదు. కొనలేకపోతే మీ సిరంజి కోన్‌కే ముందు అంచున చేతి తొడుగు ముక్క బిగించి, మధ్యలో ముక్కు పట్టే రంధ్రం చేయండి. గాడి చుట్టూ కూడా అదే. పాతది వెళ్లడానికి పక్కన ఒక పైపు పెట్టి చార్‌కోల్ డబ్బాకు కలపండి.

వ్యాక్యూమ్ లైన్ ఉంటే దానికి కలుపుతామని అనుకుంటారు చాలామంది. ఎక్కువ లాగితే ఎలుక ముక్కు దాకా రాకముందే మందు పోతుంది, మళ్లీ మొదటి సమస్య వస్తుంది. మా ల్యాబ్‌లో కొత్తగా వచ్చినవాళ్లు చేసే మొదటి పని వ్యాక్యూమ్ పెంచడం. వాసన పోతుంది, ఎలుక లేస్తుంది. లోపలికి వచ్చే ఫ్లో కంటే కొంచెం మాత్రమే ఎక్కువ లాగేలా వాల్వు పెట్టుకోవాలి.

వెట్_డాక్టర్
చార్‌కోల్ డబ్బా కొత్తదిగా ఉన్నప్పుడే తూచి, మార్కర్‌తో బరువు డబ్బా మీదే రాయండి. మార్కెట్‌లో దొరికే మామూలు డబ్బాలు 50 గ్రాములు పెరిగితే మార్చేయాలి. ప్రతిరోజూ సర్జరీకి ముందు తూచి తేదీతో రాస్తే సరి. డబ్బా అడుగున రంధ్రాలుంటాయి, బల్ల మీద ఆనించి పెడితే అవి మూసుకుంటాయి. మా దగ్గర ఒక ల్యాబ్‌లో అలా మూసుకుని, వెళ్లే దారి లేక గ్యాస్ అంతా కోన్ అంచుల నుంచి కారుతూ ఉండేది. నైట్రస్ ఆక్సైడ్ వాడేవాళ్లకు చార్‌కోల్ పనికిరాదు, దాన్ని అది పట్టదు.

చాంబర్ మూత తీసే ముందు డయల్ మూసి ఆక్సిజన్ మాత్రమే కాసేపు పంపండి. లేకపోతే ఐసోఫ్లూరేన్ కలిసిన 4 లీటర్ల గ్యాస్ మీ ముఖం మీదకు వస్తుంది. మీ 4 లీటర్ల పెట్టె ఒక ఎలుకకు పెద్దదనే చెప్పాలి. 1 లీటరు ఫ్లోతో అది నిండడానికీ, ఖాళీ కావడానికీ కూడా ఎక్కువ సేపు పడుతుంది. ఎలుక పట్టేంత చిన్న పెట్టె చేయించుకోండి. అక్రిలిక్ షీట్ కోసిచ్చేవాళ్లు ఊళ్లోనే దొరుకుతారు. మూతకు రబ్బరు అంచు మాత్రం గట్టిగా పెట్టించండి.

స్పిరిట్ తుడిచిన తల, ముక్కు దగ్గర స్వచ్ఛమైన ఆక్సిజన్, చేతిలో కాటరీ (రక్తం ఆగేలా వేడితో కాల్చే సాధనం). ఈ మూడూ కలిస్తే మంటే. స్పిరిట్ పూర్తిగా ఆరాకే కాటరీ పట్టుకోవాలి. పుర్రె నుంచి వచ్చే రక్తానికి కాటరీ కంటే జెల్‌ఫోమ్ (రక్తం ఆపే స్పాంజి) ముక్క, చల్లటి సెలైన్ మేలు.

కేఎక్స్_పాతకాపు
లామినార్ ఫ్లో మాట నాకు కొత్త. మా దగ్గర రెండు ల్యాబులు అలాగే చేస్తున్నాయి, వెంటనే చెబుతాను. ఒక ప్రశ్న: స్వచ్ఛమైన ఆక్సిజనే కావాలా? కోవిడ్ తర్వాత ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు చాలా చోట్ల ఊరికే పడి ఉన్నాయి. వాటితో నడుస్తుందా?

బయోమెడ్_విజయవాడ
నడుస్తుంది సార్. దాని ఫ్లో మీకు కావాల్సినదానికంటే ఎక్కువే. పీడనం మాత్రం సిలిండర్ కంటే బాగా తక్కువ, కాబట్టి మధ్యలో సన్నటి గొట్టాలు, మలుపులు తగ్గించాలి. వేపరైజర్ నుంచి వచ్చేది అనలైజర్‌తో ఒకసారి చూసుకోవాలి. దానికి కరెంటు కావాలి, పోతే వెంటనే మార్చడానికి చిన్న సిలిండర్ పక్కన ఉంచుకోండి. చాలాకాలం పడి ఉన్నవాటిలో లోపలి పదార్థం తేమ పట్టి ఆక్సిజన్ శాతం పడిపోయి ఉంటుంది. ముందు ఆక్సిజన్ ఎంత శాతం వస్తోందో కొలవండి.

వెట్_డాక్టర్
గది గాలి పంపుతో నడిపేవాళ్లూ ఉన్నారు. ఐసోఫ్లూరేన్ ఊపిరిని తగ్గిస్తుంది కాబట్టి గాలి మాత్రమే ఇస్తే రక్తంలో ఆక్సిజన్ పడిపోయే ప్రమాదం ఉంది. మరీ ఎక్కువ సేపు 100 శాతం ఆక్సిజన్ ఇస్తే ఊపిరితిత్తుల్లో చిన్న గదులు ముడుచుకుపోతాయన్న మాటా నిజమే. గంటన్నర సర్జరీకి నేను ఆక్సిజన్ వైపే ఉంటాను.

హిప్పోక్యాంపస్
అందరికీ ధన్యవాదాలు. చేసినవన్నీ రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

మొదట కోన్ చివర వేలితో మూసి, ఫ్లో 200 పెట్టి చూశాం. ఎక్కడా కారకపోతే ఫ్లోమీటర్‌లో గోళీ కిందకు దిగాలి. అది కదలనే లేదు. చాంబర్ పైపును నీళ్ల గ్లాసులో ముంచితే బుడగలు ధారగా వచ్చాయి. వై దగ్గర ప్లాస్టిక్ క్లిప్ మెత్తటి సిలికాన్ పైపును పూర్తిగా నొక్కడం లేదు. దాని బదులు రెండు వైపులా స్టాప్‌కాకులు పెట్టాం. ఇప్పుడు గోళీ దిగుతోంది.

వేపరైజర్ గంటకు 6కు కొంచెం పైన ఖర్చు చూపింది. మెడికల్ కాలేజీలో అనలైజర్‌తో చూశాం. అన్ని చోట్లా డయల్ కంటే కాస్త ఎక్కువ ఇస్తోంది, 2 దగ్గర 2.2. పక్కనే చార్టు అంటించాం.

కోన్‌కు తొడుగు ముక్క, పక్క పైపు, చార్‌కోల్ పెట్టాం. సర్జరీని లామినార్ ఫ్లో నుంచి మామూలు బల్ల మీదకు తెచ్చి, పక్కన బయటికి పోయే డక్ట్ గొట్టం పెట్టించాం. ఆ తర్వాత చేసిన సర్జరీల్లో 800 మి.లీ. ఫ్లో, లిడోకెయిన్‌తో, డయల్ 1.75 దగ్గర నిలకడగా ఉంది. కాలివేళ్ల మధ్య నొక్కితే కదలిక లేదు, ఊపిరి సమంగా ఉంది, పాదం గులాబీ రంగులోనే ఉంది. పుర్రె నుంచి రక్తం కూడా ముందుకంటే బాగా తక్కువ. గదిలో వాసన లేదు.

ఒక సందేహం మిగిలింది. డయల్ మూసిన వెంటనే ఫ్రేమ్ నుంచి తీసేయాలా, కాసేపు ఉంచాలా?

వెట్_డాక్టర్
చాలా బాగా చేశారమ్మా. కుట్లు అయిపోవస్తుండగా డయల్ 1కి దించండి. చివరి కుట్టు తర్వాత పూర్తిగా మూసి, ఆక్సిజన్ మాత్రం రెండు మూడు నిమిషాలు కోన్‌లోనే ఇవ్వండి. ఇయర్ బార్లు (చెవుల్లో పెట్టి తలను బిగించేవి) మాత్రం అంతదాకా ఉంచొద్దు. బార్ల మధ్య ఉండగా మెలకువ వస్తే తల విదిలిస్తుంది, కాన్యులాను పట్టి ఉంచే సిమెంటు పగులుతుంది, చెవిపొరా పోతుంది. బార్లు తీసి, తలను చేత్తో ఆనించి, కోన్ దగ్గరే ఉంచండి.

తర్వాత వెచ్చటి కేజ్‌లోకి. కింద సగానికే హీటింగ్ ప్యాడ్, వేడి ఎక్కువైతే అది పక్కకు జరిగేలా. పొట్టు కాకుండా కాగితం తువ్వాలు పరచండి, పొట్టు ముక్కులోకి పోతుంది. తనంతట తాను బోర్లా తిరిగేదాకా ఒంటరిగా వదలొద్దు, వేరే ఎలుకల మధ్యా వేయొద్దు. సర్జరీ మొదట్లో కళ్లకు ఆయింట్‌మెంట్ పెడుతున్నారు కదా?

హిప్పోక్యాంపస్
పెడుతున్నాం డాక్టర్ గారూ. రెక్టల్ ప్రోబ్ ఉన్న ప్యాడ్ కూడా వాడుతున్నాం, 37 దగ్గర.

కొత్త_జేఆర్‌ఎఫ్
మా గైడ్‌కు ఈ పేజీ చూపించాను. పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లు వేపరైజర్ వాడుకోమన్నారు. చిట్టెలుకకు ఇదే ఫ్లో సరిపోతుందా?

పోస్ట్‌డాక్_హ్యూస్టన్
అంత అక్కర్లేదు. 25 గ్రాముల చిట్టెలుక నిమిషానికి పీల్చేది 50 మి.లీ. లోపే. అయినా వేపరైజర్ నమ్మకంగా పనిచేయాలంటే 300 నుంచి 500 మధ్య ఉంచు. మాస్కు దాని మూతికి సరిపోయేది వాడు, ఎలుక మాస్కుకు దూది చుట్టి సర్దొద్దు. చిట్టెలుక ఒళ్లు నిమిషాల్లో చల్లబడుతుంది, కాబట్టి చాంబర్ కింద కూడా వెచ్చదనం ఉండాలి. మొదటి సర్జరీ నాడు ఒకరు డ్రిల్ పట్టుకుంటే, ఇంకొకరు ఊపిరి లెక్కపెట్టడానికే కూర్చోండి.